సైఫన్‌లో కాఫీ పైనే నిలిచిపోయిందా? ముందు వట్టి నీళ్ళతో నడపండి

సైఫన్ అంటే వాక్యూమ్ కాఫీ మేకర్. కింది గాజు బుడ్డిలో నీళ్ళు వేడెక్కి, ఆవిరి ఒత్తిడికి గొట్టం గుండా పై గిన్నెలోని పొడిలోకి ఎక్కుతాయి. మంట తీశాక బుడ్డిలో ఖాళీ (వాక్యూమ్) ఏర్పడి, కాఫీని గుడ్డ గుండా కిందికి లాగుతుంది. మొన్న ఆదివారం చిత్తూరు నుంచి ఒక తమ్ముడు తన సైఫన్ గురించి ఫోన్ చేశాడు. "అన్నా, కాఫీ పైకి పోయింది, కిందికి రానంటా ఉంది. గుడ్డ మార్చినా, పొడి మార్చినా, అంతే." "వట్టి నీళ్ళతో నడిపి చూసినావా?" అని అడిగితే అవతల చప్పుడు లేదు.

పాత సైఫన్ సైలెక్స్ కంపెనీది కానీ, కోరీది కానీ, కోనాది కానీ, నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. దాదాపు ఎవరూ చేయని పనీ ఇదే. పొడి వేయకుండా గుడ్డో, ఫిల్టరో బిగించి, కింది బుడ్డిలో నీళ్ళు పోసి, ఒకసారి ఎక్కించి దించండి. పది నిమిషాలు పట్టదు. తప్పు పొడిదా, సామానుదా అన్నది అక్కడే విడిపోతుంది. ఇది చేయకుండా కొత్త గుడ్డలు, కొత్త పొడి కొంటే డబ్బు దండగ.

నీళ్ళు పైకి ఎక్కకపోతే

ముందు ఫ్యాన్ ఆపండి. మే నెల తిరుపతిలో ఫ్యాన్ లేకుండా వంటింట్లో నిలబడలేం, నిజమే. కానీ స్పిరిట్ దీపం మంట ఆ గాలికి పక్కకు వాలిపోతుంది. బుడ్డి అడుగు వేడెక్కదు, పైపెచ్చు గాలికి బుడ్డి చుట్టూ చల్లబడుతుంది. నీళ్ళు మరుగుతున్నట్టే ఉండి సగంలో ఆగిపోతాయి. మూడు పక్కలా అట్టముక్క అడ్డం పెట్టినా చాలు.

తర్వాత పై గిన్నె సరిగ్గా కూర్చుందా చూడండి. కొంచెం తిప్పుతూ నొక్కితే గొట్టం చుట్టూ ఉండే రబ్బరు బిరడా బుడ్డి మూతిలో దిగబడాలి. అన్నీ బాగున్నా బుడ్డి అడుగున రెండు మూడు చెంచాల నీళ్ళు మిగులుతాయి. గొట్టం అంచు అడుగుదాకా తగలదు కాబట్టి అది లోపం కాదు. అవి కూడా ఎక్కాలని మంట పెంచి బుడ్డిని ఎండగట్టకండి. నీళ్ళు లేని బుడ్డి మంట మీద పగిలిపోతుంది.

సన్‌బీమ్ కాఫీమాస్టర్ లాంటి అమెరికా కరెంటు మేకర్ తెచ్చుకున్నవాళ్ళకు ఒక్క మాట. అది 120 వోల్టులది. మన 230లో నేరుగా పెడితే వేడి దాదాపు నాలుగింతలై కాయిల్ మాడిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

కాఫీ కిందికి దిగకపోతే

వట్టి నీళ్ళు చకచకా దిగి, కాఫీ మాత్రమే నిలిచిపోతే తప్పు పొడిదే. మన కొట్లలో ఇచ్చేది స్టీలు ఫిల్టర్ కోసం ఆడించిన పొడి. సన్నగా ఉంటుంది, పైగా చికోరీ కలిసి ఉంటుంది. స్టీలు ఫిల్టర్లో డికాషన్ నెమ్మదిగా దిగాలి కాబట్టి అక్కడ చికోరీ మేలే చేస్తుంది. సైఫన్ గుడ్డ మీద అదే బంకలా పట్టేస్తుంది. చికోరీ లేకుండా, ఉప్మా రవ్వ కంటే కొంచెం సన్నగా ఆడించమని కొట్లో విడమరిచి చెప్పండి.

ఇక నన్ను రెండు నెలలు తిప్పలు పెట్టిన సంగతి. ఓ పాత సైలెక్స్ కొన్నాను. నీళ్ళు బాగా ఎక్కేవి. కాఫీ మాత్రం పైనే నిలబడి, చల్లారి, బొట్టుబొట్టుగా కారేది. వట్టి నీళ్ళతో నడిపాను, దిగాయి. రబ్బరు బాగుందనుకున్నాను. గుడ్డ మూడుసార్లు మార్చాను, పొడి ఐదు రకాలు తెచ్చాను. కానీ లోపమంతా ఆ రబ్బరులోనే ఉంది.

నేను మోసపోయింది ఎక్కడంటే, వట్టి నీళ్ళు వాక్యూమ్ లేకపోయినా తమ బరువుకే దిగుతాయి. గుడ్డ వాటిని ఆపలేదు. కాబట్టి నీళ్ళు దిగాయా లేదా అన్నది కాదు, ఎలా దిగాయన్నది చూడాలి. రబ్బరు గట్టిగా పట్టి ఉంటే, మంట తీసిన కాసేపటికి నీళ్ళను ఎవరో కింది నుంచి లాగినట్టు ఒక్క ఊపున దిగుతాయి. చివర్లో పైన నీళ్ళు అయిపోగానే గుడ్డలోంచి గాలి దూసుకొచ్చి, బుడ్డిలో గుడగుడమని బుడగలు లేస్తాయి. ఆ గుడగుడ వినిపించాలి. నా సైలెక్స్‌లో నీళ్ళు నింపాదిగా దిగి, చప్పుడు లేకుండా ఆగిపోయేవి. అది నేను పట్టించుకోలేదు.

రబ్బరు కారుతుంటే నీళ్ళు పైకి మాత్రం ఎలా ఎక్కాయి? వాటిని జానెడు ఎత్తు నెట్టడానికి పెద్ద ఒత్తిడి అక్కర్లేదు. సందులోంచి కొంత ఆవిరి పోయినా, మంట అంతకు మించి పుట్టిస్తూనే ఉంటుంది. మంట తీశాక ఆవిరి నీరై లోపల ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ కాఫీని పొడి గుండా, గుడ్డ గుండా లాగాలి, అది గట్టి పని. పక్కనే ఒక సందు ఉంటే కాఫీ కంటే గాలే సులువుగా లోపలికి వచ్చేస్తుంది. మంట ఉన్నంతసేపూ దాగిన లోపం మంట తీశాక బయటపడుతుంది. మనం నింద గుడ్డ మీద వేస్తాం.

సందు ఎక్కడుందో కనిపెట్టడానికి అగరుబత్తి వాడండి. మా ఇంట్లో టీటీడీ వాళ్ళ అగరుబత్తి ఎప్పుడూ ఉంటుంది. ఫ్యాన్ ఆపి, స్పిరిట్ దీపం మూతపెట్టి దూరంగా జరిపి, నీళ్ళు దిగేటప్పుడు వెలిగించిన బత్తిని రబ్బరు చుట్టూ మెల్లగా తిప్పండి. నిటారుగా లేచే పొగ ఒకచోట వంగి లోపలికి పోతుంది. నా సైలెక్స్‌లో పొగ బుడ్డి అంచు దగ్గర వంగలేదు. రబ్బరు పైన, గాజు గొట్టం రబ్బరులో దిగేచోట సన్నటి దారంలా లోపలికి పోయింది. అందరూ రబ్బరు బయటి అంచు నొక్కి చూసి మెత్తగానే ఉందంటారు. ముసలిదయ్యేది లోపలి రంధ్రం. అటక మీద ఎన్నో ఎండాకాలాలు గడిపి, కాఫీ జిడ్డు పట్టి, ఆ రంధ్రం గట్టిపడి వదులవుతుంది. రబ్బరును గొట్టం మీద పొడిగా రెండు వేళ్ళతో తిప్పండి. సులువుగా తిరిగితే అది కారుతున్నట్టే.

తీసేటప్పుడు జాగ్రత్త. గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, గొట్టానికి తువ్వాలు చుట్టి, మెలితిప్పుతూ తీయాలి. లాగితే గొట్టం విరిగి అరచేయి తెగుతుంది. రబ్బరు మీద పగుళ్ళు ఉంటే పారేయండి. ఉడకబెడితే మెత్తబడుతుంది, కొద్దిరోజులకే మళ్ళీ గట్టిపడుతుంది. వాసెలిన్, నూనె పూయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. నీళ్ళతో తడిపితే చాలు. కొత్తది రెడీమేడ్‌గా దొరక్కపోతే కాలేజీ ల్యాబులకు సామాన్లు అమ్మే కొట్లో సిలికాన్ బిరడా అడగండి. ఆహారానికి వాడదగ్గదా అని తేల్చుకుని, గొట్టం కంటే పిసరంత చిన్న రంధ్రం వేయించుకోండి. అది వచ్చేదాకా గొట్టానికి ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు వేసి రబ్బరు ఎక్కించినా పని జరుగుతుంది.

పొగ బుడ్డి మూతి దగ్గర వంగితే అక్కడ గాజు పెచ్చు లేచి ఉండొచ్చు, గోరుతో తడిమితే తెలుస్తుంది. దమ్ బిర్యానీకి మూత చుట్టూ పెట్టినట్టు గోధుమపిండి ముద్ద పెట్టి వట్టి నీళ్ళతో నడపండి. అప్పుడు గుడగుడ వినిపిస్తే అనుమానం తీరినట్టే.

చిత్తూరు తమ్ముడు టేపు చుట్టి ఆ సాయంత్రమే ఫోన్ బుడ్డి దగ్గర పెట్టి ఆ చప్పుడు నాకు వినిపించాడు.

మిగతావి

నీళ్ళు ఉన్నట్టుండి ఎగిరిపడుతుంటే ఫిల్టర్ కింద వేలాడే పూసల గొలుసు పోయిందన్నమాట. అది బుడ్డి అడుగున తగులుతూ బుడగలు సమంగా లేచేలా చేస్తుంది. కప్పులో మడ్డి వస్తే గుడ్డ మధ్యలో కూర్చోలేదు. ముక్కవాసన వస్తే గుడ్డ ఆరబెట్టినందుకే. సబ్బు లేకుండా కడిగి, నీళ్ళలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టాలి. బుడ్డిలో తెల్లపొర బోరు నీళ్ళది, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్ళు పోసి రాత్రంతా ఉంచండి. చేదెక్కితే నిమిషం, నిమిషంన్నర కంటే ఎక్కువసేపు పైన ఉంచుతున్నారు. పాలు పోస్తే పల్చగా ఉందంటారా, అది లోపం కాదు, సైఫన్ కాఫీ స్టీలు ఫిల్టర్ డికాషనంత చిక్కగా రాదు. ఊరి ఎత్తు వల్ల ఎక్కడం లేదేమో అని ఒకాయన అడిగారు. హార్స్‌లీ హిల్స్ మీద కూడా ఎక్కుతుంది.

త్వరగా దిగాలని వేడి బుడ్డి మీద తడిగుడ్డ మాత్రం వేయకండి. పాత గాజు అలాగే చిట్లుతుంది, ఆ సైజు బుడ్డి మళ్ళీ దొరకడం కష్టం.