ఆక్వా ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నారా? పేరు లేని సీసా జోలికి పోకండి

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని మందుల ఫ్యాక్టరీలో సాల్వెంట్ (పదార్థాలను కరిగించే ద్రవం) ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయారు. అంతకుముందు 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెంలో ఇలాంటి ఘోరమే జరిగింది. కెమిస్ట్రీ చదివే పిల్లల్ని ల్యాబ్‌కి పంపాలంటే ఇళ్లల్లో భయపడటం సహజం. అయితే భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు నీళ్లు పరీక్షించే ల్యాబుల్లో, రొయ్యల మేత ఫ్యాక్టరీల ల్యాబుల్లో చేరే కొత్తవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది, ఎవరో పేరు రాయకుండా బల్ల మీద వదిలేసిన సీసా. కోటు, కళ్లద్దాలు, బూట్ల సంగతి కాలేజీలో చెప్పే ఉంటారు. అవి ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు.

సీసా మీద పేరు

రైతులు చెరువు నీళ్లు తెచ్చేది మంచినీళ్ల బాటిళ్లలో, కూల్‌డ్రింక్ బాటిళ్లలో. సీజన్‌లో పొద్దున్నే బల్ల నిండా అవే ఉంటాయి. మిగిలిన యాసిడ్‌ని సాయంత్రం వాడుకుందామని అలాంటి ఖాళీ బాటిల్లోనే పోసి పెడితే, చూట్టానికి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఎండన పడి వచ్చినవాడు దాహంతో అందులోంచి ఒకటి ఎత్తుతాడు. గొంతు కాలిపోయాక ఎవరు పోశారని అడిగి లాభం లేదు.

కరిగిన ఆక్సిజన్ పరీక్షే చూడండి. మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ అజైడ్, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ పక్కపక్కనే ఉంటాయి. మొదటిదానికి లేత గులాబీ ఛాయ ఉంటుంది గానీ గమనిస్తేనే తెలుస్తుంది. మిగతా రెండూ నీళ్లలాగే ఉంటాయి. ఆ ఆల్కలీ ద్రావణంలో లీటరుకు 500 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. యాసిడ్ తీసిన పిప్పెట్‌నే (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టం) అందులో ముంచితే మొహం మీదికి చిమ్ముతుంది. దాంతోపాటు అజైడ్ నుంచి విషవాయువు కూడా వస్తుంది. మూడు సీసాలకు మూడు పిప్పెట్లు పెట్టుకోండి. పిప్పెట్ మీద కూడా పేరు ఉండాలి.

లేబుల్ మీద నాలుగు రాయాలి: పదార్థం పేరు, గాఢత, తేదీ, చేసినవాళ్ల పొడి అక్షరాలు. మూత మీద రాయొద్దు, మూతలు మారిపోతాయి. మార్కర్ రాత అసిటోన్ చుక్క పడితే చెరిగిపోతుంది కాబట్టి కాగితం మీద పెన్సిల్‌తో రాసి, పైన టేపు అంటించండి. పోసేటప్పుడు లేబుల్ అరచేతి వైపు ఉండాలి. అప్పుడు కారిన చుక్కలు రెండోవైపు జారిపోయి పేరు మిగులుతుంది. ముందు లేబుల్, తర్వాతే ద్రావణం. ఐదు నిమిషాల కోసమైనా సరే, పేరు లేకుండా పోయొద్దు.

యాసిడ్, వేడి

గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ నీళ్లకంటే 1.84 రెట్లు బరువు. 2.5 లీటర్ల సీసాలో యాసిడే నాలుగున్నర కిలోలు తూగుతుంది. మెడ పట్టి ఎత్తకండి, అడుగున రెండో చెయ్యి వేయండి. ఒక లీటరు 1 నార్మల్ ద్రావణానికి సుమారు 28 మి.లీ. యాసిడ్ కావాలి. ముందు బీకరులో 600 మి.లీ. నీళ్లు తీసుకుని, దాన్ని చన్నీళ్ల తొట్టిలో పెట్టి, యాసిడ్‌ని సన్నటి ధారగా పోస్తూ కలపాలి. చల్లారాకే లీటరు గుర్తుదాకా నింపాలి. తలకిందులుగా, అంటే యాసిడ్‌లో నీళ్లు పోస్తే, పైన తేలిన నీళ్లు ఆ వేడికి ఒక్కసారిగా మరిగి యాసిడ్‌తో సహా ఎగజిమ్ముతాయి.

మేతలో ప్రోటీన్ చూసే కెల్డాల్ పరీక్షలోనూ ఇదే ప్రమాదం. డైజెషన్ (మేతను గాఢ యాసిడ్‌లో మరిగించడం) అయిన ఫ్లాస్కు 400 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది. గది వేడికి దిగేదాకా దాన్లో నీళ్లు గానీ 40 శాతం కాస్టిక్ సోడా గానీ పోయకూడదు. ఆరోజు ఎన్ని శాంపిళ్లు మిగిలిపోయినా సరే.

మన వేసవిలో ఇంకో చిక్కుంది. మేతలోంచి కొవ్వు తీయడానికి వాడే డైఇథైల్ ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో ఏసీ లేని గది అంతకంటే వేడిగా ఉంటుంది. అమ్మోనియా సీసాలోనూ ఒత్తిడి పెరుగుతుంది. చల్లార్చి, ఫ్యూమ్‌హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగేసే అర) పెట్టి, మూత మెల్లగా తిప్పండి.

ఇక మిగతావి

ఈథర్‌తో కొవ్వు తీసే సాక్స్‌లెట్ పరికరం నడుస్తున్న గదిలో గ్యాస్ పొయ్యి, అగ్గిపుల్ల ఉండకూడదు.

కరెంటు పోతే హీటర్ల స్విచ్‌లు వెంటనే కట్టేయండి. ఫ్యూమ్‌హుడ్ ఆగిపోయిందంటే ఆవిరి మీ మీదికే వస్తుంది.

సర్జికల్ మాస్కు ఆవిర్లను ఆపదు.

బ్లీచింగ్, యాసిడ్ ఒకే సింకులో ఒలకబోయొద్దు, క్లోరిన్ వస్తుంది.

నీళ్లలో అమ్మోనియా చూడటానికి వాడే నెస్లర్ రియేజెంట్‌లో పాదరసం ఉంటుంది. సింకులో పోస్తే అది డ్రెయిన్‌లోకి, అక్కణ్నుంచి చెరువుల వైపుకే పోతుంది. దానికి వేరే డబ్బా పెట్టండి. ఆ వ్యర్థాల డబ్బాకి కూడా పేరు ఉండాలి.

అజైడ్ ఉన్న ద్రావణాన్ని రాగి, సీసం గొట్టాల్లోకి పంపొద్దు. అక్కడ పేలే లవణాలు పేరుకుంటాయి.

ఫినాల్ పడినచోట చర్మం తెల్లబడి మొద్దుబారుతుంది, నొప్పి వెంటనే తెలియదు. నొప్పి లేదని ఊరుకోవద్దు.

కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని 15 నిమిషాలు ఆపకుండా కడగండి. ఆ తర్వాతే ఆసుపత్రి.

మింగితే వాంతి చేయించొద్దు. 108కి ఫోన్ చేసి, సీసా లేబుల్ ఫోటో తీసి డాక్టర్‌కి చూపించండి. పేరు లేని సీసా అయితే ఆయనకి చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

వాసన చూసి గుర్తుపట్టే ప్రయత్నం చేయొద్దు. పేరు లేని సీసా కనిపిస్తే పక్కన పెట్టి ఇన్‌చార్జికి చెప్పండి. వాడొద్దు, పారబోయొద్దు, ఇంకోదాంట్లో కలపొద్దు.

నోటితో పిప్పెట్ పీల్చొద్దు. ఎవరు చెప్పినా సరే.

తాగే నీళ్లు ల్యాబ్ గుమ్మం బయటే పెట్టుకోండి.

ఇన్‌చార్జి భోజనానికి వెళ్తే ఒంటరిగా యాసిడ్ పని మొదలుపెట్టొద్దు. ఆయన వచ్చేలోపు రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పదనం చూసుకోండి, పీహెచ్ చూసుకోండి, పొద్దున వచ్చిన చెరువు నీళ్ల బాటిళ్ల మీద రైతు పేరు, చెరువు నంబరు రాయండి.