చెవి క్లిప్పు పెట్టినా హెచ్‌ఆర్‌వీ పెరగడం లేదా? కరెంటు పెంచేముందు ఇవి చూడండి

హెచ్‌ఆర్‌వీ అంటే గుండె ఒకసారి కొట్టుకోవడానికీ మళ్లీ కొట్టుకోవడానికీ మధ్య సమయం ఎంత మారుతుందో చెప్పే అంకె, చేతి వాచీలు దీన్ని చూపిస్తాయి. దాన్ని పెంచుకోవాలని కొందరు చెవికి క్లిప్పు పెట్టి, సన్నటి కరెంటుతో వేగస్ నాడిని (మెదడు నుంచి గుండె దాకా వెళ్లే నాడి) తట్టిలేపాలని చూస్తారు.

ఆన్ చేసినా చెవిలో ఏమీ తెలియడం లేదు

చాలావరకు క్లిప్పు పెట్టిన చోటే తప్పు. చెవి తమ్మెకి పెడితే లాభం లేదు, పరిశోధనల్లో ఉత్తుత్తి చికిత్సకి వాడేది ఆ తమ్మెనే. వేగస్ నాడి కొమ్మ చెవి గుంట పైభాగంలోనూ, చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపె దగ్గరా ఉంటుంది, అక్కడ పెట్టాలి. కోనసీమలో తలకి కొబ్బరినూనె పట్టించనివాళ్లు తక్కువ, ఆ జిడ్డు చెవి మీద ఉంటే కరెంటు సరిగ్గా చర్మంలోకి దిగదు. సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక, జెల్ రాసి పెట్టండి. కమ్మలు, మాటీలు తీసేయండి.

సూదులు గుచ్చినట్టు మంట

ప్యాడ్ ఎండిపోయి ఉంటుంది, లేదా ఒక అంచే తగులుతూ ఉంటుంది. ప్యాడ్ సరిచేసి, కరెంటు తగ్గించండి. జిల్లుమని తెలిస్తే చాలు, నొప్పి ఓర్చుకుంటే ఎక్కువ పనిచేస్తుందనుకోవద్దు.

రోజూ పెడుతున్నా అంకె మారడం లేదు

ముందు కొలత చూడండి. చేయి కదిలితే వాచీ గుండె కొట్టుకోవడాన్ని తప్పుగా లెక్కపెడుతుంది. పొద్దున లేవగానే, కాఫీకి ముందు, ఒకే భంగిమలో 5 నిమిషాలు కదలకుండా తీయండి. 1996లో యూరప్, అమెరికా గుండె వైద్యులు కలిసి ఇచ్చిన ప్రమాణాల్లోనూ చిన్న రికార్డింగుకి 5 నిమిషాలే. ఊపిరి మీదా కన్నేయండి, నిమిషానికి ఆరుసార్లు నెమ్మదిగా పీలిస్తే క్లిప్పు లేకుండానే అంకె పెరుగుతుంది, మనం ఆ పేరు మెషీన్‌కి కట్టబెడతాం.

తర్వాత నిద్ర. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు ఉన్నాయన తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని మూడింటికే లేచి ఏరేటర్లు చూసుకుని, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తి, ఆరింటికి హెచ్‌ఆర్‌వీ తీసుకుంటే తక్కువే వస్తుంది. ఆయనకి కావాల్సింది చెరువు దగ్గర వంతుకి ఇంకో మనిషి.

ఇవన్నీ సరిచేసినా మారకపోతే మీ తప్పేం లేదు. 2021లో అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, చెవికి ఇలా కరెంటు ఇవ్వడం వల్ల హెచ్‌ఆర్‌వీ పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. బీపీ, షుగర్ మందులు మాత్రం దీన్ని నమ్ముకుని ఆపకండి.

అంకె ఒక్కసారిగా రెట్టింపైంది

సంబరపడకండి. వాచీ జారి ఉండొచ్చు, లేదా గుండె లయ తప్పుతూ ఉండొచ్చు, లయ తప్పినా ఈ అంకె పెరుగుతుంది. వాచీ బిగించి మళ్లీ తీసినా అలాగే వస్తే క్లిప్పు పక్కనపెట్టి ఈసీజీ తీయించుకోండి. గుండెదడ, కళ్లు తిరగడం కూడా ఉంటే ఆ రోజే వెళ్లండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ చెప్పకుండా అసలు పెట్టుకోవద్దు.