పెరట్లో కంద - 2వ పాఠం: నడినెత్తి చూసి కోయడం

కిందటి పాఠంలో విత్తనం దుంపని నీడలో, గాలి తగిలే చోట పెట్టి ఉంచమన్నాను. ఇప్పుడు తీసి చూడండి. పైన గుంటపడినట్టున్న చోట గులాబీ రంగు మొన కనబడుతోందా? అయితే దుంప నిద్ర లేచినట్టే. కనబడకపోతే ఇంకో వారం ఆగండి. తవ్విన కందకి కొన్నాళ్ల నిద్ర ఉంటుంది, ఎన్ని నీళ్లు పోసినా లేవదు. మొదటి ఏడు నాకు ఈ సంగతి తెలియక ఫిబ్రవరిలోనే నాటి, రోజూ బిందెడు నీళ్లు పోశాను. నెలన్నర తర్వాత తవ్వి చూస్తే దుంప గుజ్జుగుజ్జయిపోయింది.

మన డెల్టాలో కాలవలు కట్టేసే రోజుల నుంచి తొలకరి దాకా, అంటే ఏప్రిల్ నుంచి జూన్ లోపు నాటుకోవచ్చు. కోనసీమలో కొబ్బరి తోటల మధ్య అంతర పంటగా వేసేవాళ్లున్నారు. గజేంద్ర రకం దొరికితే అదే తీసుకోండి. అది మన కొవ్వూరు కందలోంచి ఎంపిక చేసిన రకమే, దురద తక్కువ.

ఇక కోత. చిన్న దుంపయితే, అంటే అర కిలో దగ్గరిదయితే, అసలు కొయ్యకండి. అలాగే నాటేయండి. మూడు నాలుగు కిలోల దుంపయితేనే కత్తిపీట దగ్గర కూర్చోవాలి. వంటకి కోసినట్టు చక్రాలుగా, చదరాలుగా కోస్తే విత్తనం పాడైనట్టే. కంద ప్రాణమంతా నడినెత్తిన ఉన్న ఆ మొలకలో, దాని చుట్టూ ఉండే వలయంలో ఉంటుంది. అంచు ముక్క ఎంత లావుగా ఉన్నా, ఆ వలయం లేకపోతే మొలుస్తుందన్న నమ్మకం లేదు. అందుకని పుచ్చకాయ బద్దలు కోసినట్టు నెత్తి మీద నుంచి కిందకి నిలువుగా కోయాలి. ప్రతి బద్దకీ నెత్తిలో కాస్త వాటా రావాలి. నడిమొలక తెగిపోతుందే అని భయపడకండి, చుట్టూ ఉన్న వలయం లోంచి కొత్త మొలక వస్తుంది. కాకపోతే కొన్నాళ్లు ఆలస్యమవుతుంది. బద్ద అర కిలోకి తగ్గకుండా చూసుకోండి. నాలుగు బద్దలొచ్చే దుంప లోంచి ఆరు లాగాలని ఆశపడితే మొక్కలు సన్నగా, బలం లేకుండా వస్తాయి.

చేతులకి ముందే కొబ్బరి నూనె రాసుకోండి. దుంప తడిగా ఉండకూడదు. ‘కందకి లేని దురద కత్తిపీటకెందుకు’ అంటారు గానీ, ఆ సామెత కట్టినాయన కంద కోసిన మనిషి కాదని నా అనుమానం. దురదంతా కందదే. దాంట్లో కంటికి కనబడని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, అవే చర్మంలో గుచ్చుకుంటాయి. దురద పుడితే చింతపండు రసం రుద్దుకోండి. కూరలో చింతపండు వేసేదీ ఇందుకే. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం డాక్టరుని అడగకుండా కంద ఎక్కువగా తినకండి.

కోసిన బద్దల్ని చిక్కటి పేడనీళ్లలో ముంచి, నీడలో ఒక రోజంతా ఆరబెట్టండి. పేడనీళ్లలో ట్రైకోడెర్మా (మొక్కకి మేలు చేసే ఒక రకం బూజు) పొడి కలిపితే మొదలు కుళ్లు చాలావరకు తగ్గుతుంది.

గొయ్యి జానెడున్నర లోతు, గొయ్యికీ గొయ్యికీ రెండు మూరల ఎడం. మాగిన పశువుల ఎరువూ మట్టీ కలిపి గొయ్యి సగం దాకా నింపి, నెత్తి పైకి ఉండేలా బద్దని పెట్టి కప్పేయండి. పైన ఎండుగడ్డో, కొబ్బరాకులో పరవండి. లంక నేలయితే ఇంతే. నల్లరేగడి అయితే మాత్రం బోదె ఎత్తుగా పోసి దాని మీద నాటండి. కంద ఎండకి ఓర్చుకుంటుంది గానీ, మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే బతకదు.

నెలా నెలన్నరకి ఈటెలాంటి మొన ఒకటి పైకొస్తుంది. మచ్చలమచ్చలుగా పాములా ఉంటుంది, పిల్లలు హడలిపోతారు. ముందే చెప్పి ఉంచండి. అది కాండం కాదు, ఆకు కాడ. గొడుగులా విచ్చుకునేదంతా కలిపి ఒకే ఒక్క ఆకు. ఆ ఆకే తయారుచేసిన ఆహారంతో కింద కొత్త దుంప ఊరుతుంది, మనం నాటిన బద్ద కరిగిపోతుంది. అందుకే ఆ ఒక్క ఆకునీ మేకల నుంచి కాపాడుకోవాలి.

తవ్వకుండా వదిలేసిన పెద్ద దుంపలుంటే తొలి వానలకి ఆకు బదులు పువ్వొస్తుంది. ముదురు ఊదారంగులో, చేటంత ఉంటుంది. దాని వాసన భరించలేం, అచ్చం కుళ్లిన మాంసమే. ఒకసారి మా మామ్మ చచ్చిన ఎలక కోసం గాదె కింద, కట్టెల మోపు వెనకా రెండ్రోజులు వెతికింది. తీరా చూస్తే కొబ్బరి చెట్టు మొదట్లో కంద పువ్వు! ఆ వాసనకి పురుగులొచ్చి పుప్పొడి మోసుకుపోతాయి. వాసన బాగా వ్యాపించడానికి పువ్వు తనంతట తనే వేడెక్కుతుంది కూడా. సుమత్రా అడవుల్లో మనిషిని మించి ఎదిగే టైటన్ పువ్వు మన కందకి దగ్గర చుట్టమే, రెండూ అమార్ఫోఫాలస్ కులం.

నాటగా మిగిలిన అంచు ముక్కలు పారేయకండి. పేడనీళ్లలో ముంచక ముందే పక్కకి తీసి, బచ్చలితో కలిపి ఆవ పెట్టి వండుకోండి. వాటిలో ఒక్క ముక్కని మాత్రం వలయం లేనిది చూసి, విడిగా ఒక గొయ్యిలో నాటి పుల్ల గుచ్చండి. నాటిన తారీకు రాసి పెట్టుకోండి. బద్దలకి మొన ఎప్పుడొచ్చిందో, పుల్ల దగ్గర ఏమయిందో చూశాక, ఆకు విచ్చుకున్న వారానికి మూడో పాఠం తెరవండి. అందులో మట్టి ఎగదోయడం, పై ఎరువు.