బంగారు ముద్ర కవరు వచ్చిందా? కార్డు తీసే ముందు ఇవి చూడండి

మేముండేది అమెరికాలో. మా అబ్బాయి టెన్త్ గ్రేడ్‌లో ఉండగా ఒక మందపాటి కవరు వచ్చింది. పైన బంగారు రంగు ముద్ర, లోపల వాడి పేరు అచ్చేసిన ఉత్తరం. దేశంలో ప్రతిభ గల విద్యార్థుల్లో ఒకడిగా ఎంపికయ్యాడట. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశాను. సాయంత్రానికల్లా విజయవాడలో మా అత్తగారు అపార్ట్‌మెంట్ మొత్తానికి చెప్పేశారు. రెండో పేజీ చివర సభ్యత్వ రుసుము ఉంది, 100 డాలర్లకు కాస్త తక్కువ. ఇంత గౌరవం ఇస్తుంటే ఆ మాత్రం కట్టలేమా అని కట్టేశాను. తర్వాత ఒక పాట్‌లక్ విందులో మాటల్లో తేలిందేమిటంటే, అదే కవరు అక్కడున్న నాలుగిళ్లకూ వచ్చింది. అందులో ఒకావిడ కొడుక్కి ఆ ఏడాదే మ్యాథ్స్‌లో సి వచ్చిందట.

ఇప్పుడు మా అమ్మాయి లెవెన్త్ గ్రేడ్. కవర్లు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి కార్డు తీయడానికి ముందు కొన్ని చూస్తున్నాను.

ముందుగా, మన పిల్ల పేరు వాళ్లకు ఎలా తెలిసింది? ఎస్ఏటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష గానీ, దానికి ముందు రాసే పీఎస్ఏటీ గానీ రాసే పిల్లలు, ఆ పరీక్షలు పెట్టే కాలేజీ బోర్డు వారి స్టూడెంట్ సెర్చ్ సర్వీస్‌కి ఒప్పుకుంటే, వాళ్ల వివరాలు కాలేజీలకు, స్కాలర్‌షిప్ సంస్థలకు వెళ్తాయి. ఆన్‌లైన్ సర్వేలు సరేసరి. "మీ టీచర్ నామినేట్ చేశారు" అని ఉంటే, ఏ టీచరో చెప్పమని ఈమెయిల్ రాయండి. నేను రాశాను. పెద్ద జవాబే వచ్చింది, అందులో టీచర్ పేరు తప్ప అన్నీ ఉన్నాయి. స్కూల్ కౌన్సెలర్‌ని కూడా ఒక మాట అడగండి. మా కౌన్సెలర్ కవరు ఫొటో చూసి, ప్రతి ఫాల్ సీజన్‌లో వచ్చేవే కదా అన్నారు.

తర్వాతిది నేను బాగా నమ్మే పరీక్ష. చాలా కాలేజీలకు ఒకే చోట దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో హానర్స్‌కి, అంటే పిల్లలకు వచ్చిన గౌరవాలకు, ఉన్నవి 5 గడులే. ఒక్కోదానికి 100 క్యారెక్టర్లు. ఆ గడిలో సంస్థ పేరు లేకుండా, తను చేసిన పని మాత్రమే రాయమని పిల్లల్ని అడగండి. సైన్స్ ఫెయిర్ బహుమతికి మా అమ్మాయి "బావి నీళ్లలో నైట్రేట్ కొలిచాను, రీజనల్‌లో మూడో స్థానం" అని చకచకా రాసింది. కవరు సంగతి రాయమంటే, "అమ్మ కార్డు గీకింది అని రాయనా?" అంది.

ఈ పరీక్షలో నిలిచేవీ చాలా ఉన్నాయి. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి జూనియర్ ఇయర్‌లో, అంటే లెవెన్త్ గ్రేడ్‌లో, పీఎస్ఏటీ రాయడమే మామూలు దారి. ఏటా సుమారు 16,000 మంది సెమీఫైనలిస్టులవుతారు, సభ్యత్వం కట్టమని ఎవరూ అడగరు. కోకా-కోలా స్కాలర్స్‌లో ఏటా 150 మందికి తలా 20,000 డాలర్లు ఇస్తారు, అప్లై చేయడం ఉచితం. నాకు బాగా నచ్చింది అమెరికా కాంగ్రెస్ పేరిట యువతకు ఇచ్చే కాంగ్రెషనల్ అవార్డు. గోల్డ్ మెడల్ కావాలంటే 400 గంటల సేవ, 200 గంటలు ఏదైనా నేర్చుకోవడం, 200 గంటల వ్యాయామం, పైగా ఒక యాత్ర. కనీసం రెండేళ్ల పని. మెడల్ రాకపోయినా పిల్ల లైబ్రరీలో చదువు చెప్పిన గంటలు ఎక్కడికీ పోవు. స్కూళ్లలో ప్రతిభ గల పిల్లల సంఘం నేషనల్ ఆనర్ సొసైటీ 1921 నుంచి ఉంది, ఎంపిక చేసేది స్కూల్లోని టీచర్లే. కాకపోతే చాలా స్కూళ్లలో ఉంది కాబట్టి, సభ్యత్వం కంటే అందులో పిల్ల ఏం చేసిందన్నదే చూడాలి.

డబ్బు అడిగితే చాలు మోసమే అనుకోకండి. 1923లో మొదలైన స్కొలాస్టిక్ ఆర్ట్ అండ్ రైటింగ్ అవార్డ్స్‌కి ప్రవేశ రుసుము ఉంటుంది, ఇబ్బంది ఉన్నవాళ్లకు మినహాయింపూ ఉంది. అక్కడ కట్టేది పిల్ల రాసిన కథను, వేసిన బొమ్మను చూసి న్యాయనిర్ణయం చేసినందుకు. గెలిచాక "గౌరవం" అందుకోవడానికి కట్టమంటే మాత్రం నేను ఆగుతాను. అసలు పాల్గొనని పోటీలో ఫైనలిస్ట్ అయ్యారని చెబితే జాగ్రత్తపడమని వినియోగదారుల మోసాలను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీయే హెచ్చరిస్తోంది.

నాన్‌ప్రాఫిట్, అంటే లాభాపేక్ష లేని సంస్థ, అని రాసుకున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండిపోకండి. చాలా నాన్‌ప్రాఫిట్‌ల పన్ను పత్రం, ఫారం 990, ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సభ్యత్వాల నుంచి ఎంత వచ్చింది, స్కాలర్‌షిప్‌లకు ఎంత పోయింది, జీతాలకు ఎంత పోయింది? ఈ మూడు అంకెలు పక్కపక్కన రాసుకోండి. సభ్యులకే స్కాలర్‌షిప్ అని ఊరిస్తే, ఏటా ఎంతమందికి ఇస్తారో, మన పిల్ల నిజంగా కూర్చుని ఆ ఎస్సేలు రాస్తుందో లేదో ఆలోచించండి. మావాడు ఒక్కటీ రాయలేదు.

వాషింగ్టన్‌లో వారం రోజుల లీడర్‌షిప్ క్యాంప్ ఆహ్వానాలు వేరే బాపతు. ఫీజు వేలల్లో, విమానం టికెట్ అదనం. ఆ ఊరు చూడాలని ఉంటే కుటుంబంతో వెళ్లండి. క్యాపిటల్ అనే పార్లమెంటు భవనం టూర్, స్మిత్‌సోనియన్ మ్యూజియంలు ఉచితమే. మేం అలాగే వెళ్లొచ్చాం, కాళ్లు పీకాయి గానీ పిల్లలకు బాగా నచ్చింది.

మావాడి సర్టిఫికెట్‌కి అత్తగారు ఫ్రేమ్ కట్టించి హాల్లో టీవీ పక్కన తగిలించారు. ఆ నాలుగిళ్ల సంగతి ఆవిడకు ఇంకా చెప్పలేదు.