అమెరికా కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ, ఎన్విరాన్‌మెంట్, అకౌంటింగ్ కోర్సులు ఏ వరుసలో తీసుకోవాలి?

ఇంటర్ అయ్యాక తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికా వెళ్లే పిల్లలకు కన్సల్టెన్సీల్లో తరచూ వినిపించే లెక్క ఒకటుంది: రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీ, రెండేళ్లు యూనివర్సిటీ, చేతికి బ్యాచిలర్ డిగ్రీ. లెక్క తప్పు కాదు. కానీ చాలామందికి ఆ మొదటి రెండేళ్లు మూడేళ్లవుతాయి. ఫెయిలవడం వల్ల కాదు, కోర్సులను తప్పు వరుసలో తీసుకోవడం వల్ల. చాలా కోర్సులకు ముందు పాసవ్వాల్సిన కోర్సు ఒకటి ఉంటుంది. దాన్నే ప్రీరిక్విజిట్ అంటారు. ఈ గొలుసును విమానం ఎక్కకముందే కాగితం మీద వేసుకుంటే ఏడాది ఫీజు మిగులుతుంది. రాష్ట్రానికో పద్ధతి ఉంటుంది కాబట్టి ఇక్కడ ఉదాహరణలన్నీ కాలిఫోర్నియా నుంచి ఇస్తున్నాం.

మొదటి అడుగు: చివరి నుంచి మొదలుపెట్టండి

కాలేజీ కేటలాగ్ తర్వాత చూద్దురు. ముందు మూడో ఏట చేరాలనుకునే యూనివర్సిటీ, మేజర్ (డిగ్రీలో మీ ప్రధాన సబ్జెక్టు) ఖాయం చేసుకోండి. తర్వాత అసిస్ట్ డాట్ ఆర్గ్ తెరవండి. కాలిఫోర్నియా ప్రభుత్వ కాలేజీలు, యూనివర్సిటీల మధ్య ఏ కోర్సు దేనికి సమానమో చూపే అధికారిక సైట్ అది, ఉచితం. కమ్యూనిటీ కాలేజీ పేరు, యూనివర్సిటీ పేరు, మేజర్ ఎంచుకుంటే ఒక పట్టిక వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి గోడకు అంటించుకోండి. మీ అసలు సిలబస్ అదే.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కేటలాగ్‌లో బయాలజీ పేరుతో రెండు రకాల కోర్సులు కనిపిస్తాయి. ఒకటి సైన్స్ మేజర్ కానివాళ్ల కోసం: తేలిక, మూడు నాలుగు యూనిట్లు (కోర్సు బరువును కొలిచే క్రెడిట్లు), ఏ ప్రీరిక్విజిటూ అడగదు. రెండోది మేజర్ల కోసం: సెల్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, ఆర్గనిస్మల్ బయాలజీ లాంటివి. మొదటి రకం కోర్సులో ఏ గ్రేడ్ తెచ్చుకున్నా బయాలజీ మేజర్‌కు అది లెక్కలోకి రాదు. కోర్సు వివరణలో ‘మేజర్లు కానివారికి’ అన్న మాట ఉందేమో తప్పక చదవండి.

రెండో అడుగు: మీ ఇంటర్ గ్రూపును బట్టి లెక్క వేసుకోండి

బైపీసీ వాళ్లకు అసలు చిక్కు బయాలజీ కాదు, గణితం. పదో తరగతి తర్వాత లెక్కల ముఖం చూడకుండా రెండేళ్లు గడిచిపోయి ఉంటాయి. అక్కడేమో చాలా బయాలజీ మేజర్లకు కాల్క్యులస్ కావాలి. కాల్క్యులస్‌కు ముందు ప్రీకాల్క్యులస్ అవసరం పడొచ్చు. కెమిస్ట్రీ గొలుసు ఇంకా పొడవు: జనరల్ కెమిస్ట్రీ ఒకటి, రెండు, ఆపైన ఆర్గానిక్ కెమిస్ట్రీ ఒకటి, రెండు. నాలుగు కోర్సులకు నాలుగు సెమిస్టర్లు. రెండేళ్లలో ఉన్నవి కూడా అవే నాలుగు. జనరల్ కెమిస్ట్రీని రెండో సెమిస్టర్‌కు వాయిదా వేశారంటే ఆర్గానిక్ రెండో భాగం అయిదో సెమిస్టర్‌లో పడుతుంది. మేజర్ బయాలజీ కోర్సులకు కూడా చాలా కాలేజీలు ముందు కెమిస్ట్రీ అడుగుతాయి.

అందుకే మొదటి సెమిస్టర్ ఇలా ఉంటే మంచిది: జనరల్ కెమిస్ట్రీ 5 యూనిట్లు, ప్రీకాల్క్యులస్ లేదా కాల్క్యులస్ 4 లేక 5, ఇంగ్లిష్ కంపోజిషన్ 3 లేక 4. మొత్తం 12 నుంచి 14. మొదటి సెమిస్టర్‌లోనే బయాలజీ ల్యాబ్, కెమిస్ట్రీ ల్యాబ్ రెండూ పెట్టుకోకండి. 5 యూనిట్ల కెమిస్ట్రీ అంటే సాధారణంగా వారానికి 3 గంటల లెక్చర్, 6 గంటల ల్యాబ్, ఇంటి దగ్గర మరో 6 గంటల చదువు. కాలిఫోర్నియాలో ఒక యూనిట్ అంటే సెమిస్టర్ మొత్తానికి సుమారు 48 గంటల శ్రమ. ఆ లెక్కన 12 యూనిట్లకు వారానికి 36 గంటలు పడుతుంది. పార్ట్‌టైమ్ పని గురించి ఆలోచించే ముందు ఈ అంకె గుర్తుంచుకోండి.

వెళ్లేలోపు దొరికే రెండు మూడు నెలల్లో బైపీసీ వాళ్లు చేయాల్సిన పని ఒకటే: ఫంక్షన్లు, లాగరిథమ్‌లు, త్రికోణమితి. ఎంపీసీ చదివే స్నేహితుల ఇంటర్ పుస్తకాలు తెచ్చుకుని రోజుకో గంట కూర్చోండి. ఇది చేసినవాళ్లకు ఒక సెమిస్టర్ కలిసొచ్చే అవకాశం ఉంది.

సీఈసీ, ఎంఈసీ వాళ్లు అకౌంటింగ్ వైపు వెళ్తే పని తేలిక. ఫైనాన్షియల్ అకౌంటింగ్ ముందు, మేనేజీరియల్ అకౌంటింగ్ తర్వాత. వీటితోపాటు మైక్రో, మాక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, బిజినెస్ లా. కొన్ని యూనివర్సిటీలు బిజినెస్‌కు కూడా కాల్క్యులస్ అడుగుతాయి. సీఈసీ వాళ్లు ఈ సంగతి ముందే పట్టికలో చూసుకోవాలి. జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ ఇంటర్‌లో నేర్చినవే కాబట్టి మొదటి నెల హాయిగా సాగుతుంది. ఆ హాయిలోనే కొన్ని పాత అలవాట్లు మార్కులు పోగొడతాయి. మన పాత పద్ధతి బ్యాలెన్స్ షీటులో అప్పులు ఎడమ, ఆస్తులు కుడి. అక్కడ ఆస్తులు ఎడమ. మనం స్టాక్ అనే సరుకు నిల్వ అక్కడ ఇన్వెంటరీ, స్టాక్ అంటే వాటా. సండ్రీ డెటార్స్‌ను అకౌంట్స్ రిసీవబుల్ అంటారు. మనం 1,25,000 అని రాసే అంకెను అక్కడ 125,000 అని రాయాలి. ఎక్సెల్‌లో అమెరికా ఫార్మాట్ పెట్టుకుని ముందునుంచే అలవాటు చేసుకోండి.

సీపీఏ (మన సీఏ లాంటి అమెరికా అకౌంటెంట్ లైసెన్సు) ఆలోచన ఉంటే ఒక మాట. చాలాకాలంగా ఉన్న 150 సెమిస్టర్ గంటల నిబంధనను ఒక్కో రాష్ట్రం సవరిస్తోంది. మీరు పరీక్ష రాయబోయే రాష్ట్రం అకౌంటెన్సీ బోర్డు సైట్‌లోనే తాజా నియమం చూసుకోండి.

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ గురించి

ఇదంతా వ్యాసాలు రాసే సబ్జెక్టు అనుకుని చేరేవాళ్లున్నారు. ప్రారంభ కోర్సు చాలాచోట్ల 3 యూనిట్లే, దానికి ఒక యూనిట్ ల్యాబ్ విడిగా ఉండొచ్చు. కానీ మేజర్‌గా తీసుకుంటే కెమిస్ట్రీ, బయాలజీ, స్టాటిస్టిక్స్ తప్పవు. జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల మీద సమాచారాన్ని విశ్లేషించే పద్ధతి) కోర్సు దొరికితే వదలకండి, ఉద్యోగాల్లో అడిగే నైపుణ్యం అది.

ఫీల్డ్ ల్యాబ్‌లో తరచూ చేయించే క్వాడ్రాట్ పద్ధతిని ఇక్కడే సాధన చేయొచ్చు. నాలుగు కర్రలు, దారంతో ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు చదరం కట్టండి. ఊరి చెరువు గట్టు మీద పది చోట్ల దాన్ని పరిచి, లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో, ఒక్కో రకం ఎన్ని ఉన్నాయో రాసుకోండి. పచ్చగా కనిపించిన చోటే చదరం పెట్టడం అందరూ చేసే తప్పు. అప్పుడు ఫలితం గట్టు గురించి కాదు, మీ ఇష్టం గురించి చెబుతుంది. చీటీలు తీసి, వచ్చిన అంకె ప్రకారం అన్ని అడుగులు వేసి అక్కడ పెట్టండి. శేషాచలం అడవిలోకి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు. ఎర్రచందనం ఉన్న అడవి కావడంతో అక్కడ నిఘా గట్టిగా ఉంటుంది, ఉండాలి కూడా.

మూడో అడుగు: కాగితాలు

పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు రెండు గడులూ నిండి ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి మొత్తం ఒకే గడిలో రాయించుకుంటే అమెరికా వీసాలో మీ పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు అన్నిచోట్లా ఇబ్బందే. పదో తరగతి మెమోలో ఉన్న అక్షరాలే పాస్‌పోర్టులో ఉండేలా తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో అప్లికేషన్ ఇచ్చేటప్పుడే సరిచూసుకోండి. ఐ-20 (వీసాకు ఆధారంగా కాలేజీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) పాస్‌పోర్టులోని పేరుతోనే రావాలి.

కాలేజీ ఐ-20 ఇవ్వాలంటే మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపాలి. బయటి దేశాల విద్యార్థులకు కాలిఫోర్నియాలో చాలా కాలేజీలు యూనిట్‌కు సుమారు 300 నుంచి 450 డాలర్ల మధ్య తీసుకుంటాయి. ఇల్లు, తిండి, హెల్త్ ఇన్సూరెన్స్ దీనికి అదనం. కోర్సుల జాబితాలో ‘జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్’ గుర్తున్న సెక్షన్ ఎంచుకుంటే పుస్తకాల ఖర్చు తప్పుతుంది. ఐ-20 వచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ రికార్డు) ఫీజు 350 డాలర్లు ఇంటర్వ్యూకు ముందే కట్టాలి. ఇంటర్వ్యూ హైదరాబాద్‌లోనే కాదు, చెన్నైలోనూ ఉంటుంది. మనకు చెన్నై దగ్గర.

స్థానికంగా ఏ ఎస్వీ ఆర్ట్స్‌లోనో, చిత్తూరు పీవీకేఎన్‌లోనో డిగ్రీ కొంత చదివి వెళ్తున్నవాళ్లు మార్కుల మెమోలతోపాటు ప్రతి సబ్జెక్టు సిలబస్ ప్రతి మీద కాలేజీ ముద్ర వేయించుకోండి. సిలబస్ లేకుంటే ఏ కోర్సుకు సమానమో అక్కడివాళ్లు తేల్చలేరు.

నాలుగో అడుగు: రిజిస్ట్రేషన్, ఆ తర్వాత

ఓరియెంటేషన్, ప్లేస్‌మెంట్ (గణితం, ఇంగ్లిష్ ఏ స్థాయి కోర్సుతో మొదలుపెట్టాలో తేల్చడం), కౌన్సెలర్‌తో ఎడ్యుకేషన్ ప్లాన్ త్వరగా పూర్తిచేసినవాళ్లకు రిజిస్ట్రేషన్ తేదీ ముందు వస్తుంది. ల్యాబ్ సెక్షన్లలో సీట్లు తక్కువ, మొదట నిండేవి అవే. సీటు దొరక్కపోతే వెయిట్‌లిస్టులో చేరి, మొదటి రోజు క్లాసుకూ ల్యాబుకూ తప్పక వెళ్లండి. రానివాళ్ల సీట్లు ఆ రోజే చేతులు మారతాయి.

ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వెళ్లిన విద్యార్థి ప్రతి ఫాల్ (ఆగస్టు నుంచి), స్ప్రింగ్ (జనవరి నుంచి) సెమిస్టర్‌లో కనీసం 12 యూనిట్లు చదవాలి. అందులో పూర్తి ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, 3 యూనిట్ల వరకే లెక్కకు వస్తుంది. కెమిస్ట్రీ మరీ కష్టమై వదిలేయాలనిపిస్తే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లండి. వాళ్ల అనుమతి లేకుండా 12 కంటే కిందికి దిగితే గ్రేడు కాదు, వీసా స్టేటస్ పోతుంది. సరిగ్గా 12 మాత్రమే తీసుకుంటే ఒక్క క్లాసు వదలడానికీ వీలుండదు. 13 లేదా 14 తీసుకున్నా ఒకటి రెండు యూనిట్ల చిన్న క్లాసు వదలడానికే వీలుంటుంది, 5 యూనిట్ల కెమిస్ట్రీ వదిలితే అదీ చాలదు. అందుకే మిడ్‌టర్మ్ దాకా ఆగకుండా మొదటి క్విజ్ మార్కులు రాగానే ట్యూటరింగ్ సెంటర్‌కు వెళ్లడం మొదలుపెట్టండి. చాలా కాలేజీల్లో అది ఉచితం.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు ట్రాన్స్‌ఫర్ కావాలంటే 60 సెమిస్టర్ యూనిట్లు పూర్తిచేయాలి. ఆరు క్యాంపస్‌లు సీటుకు ముందస్తు హామీ ఇస్తాయి, దాన్ని ట్యాగ్ అంటారు: డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. ట్యాగ్ దరఖాస్తు సెప్టెంబర్‌లో, అంటే చేరిన ఏడాదికే. అప్పటికి మీ చేతిలో ఉండేది రెండు సెమిస్టర్ల గ్రేడ్లు మాత్రమే. కెమిస్ట్రీ, గణితం మొదటి సెమిస్టర్‌లోనే ఎందుకు మొదలవ్వాలో ఆ దరఖాస్తు నింపేటప్పుడు తెలుస్తుంది: మిగిలిన ప్రీరిక్విజిట్లను ఏ సెమిస్టర్‌లో పూర్తిచేస్తారో అందులో ఒక్కొక్కటిగా చూపించాలి.