కథలో మాఫియాకి సొంత డబ్బు ఎలా తయారు చెయ్యాలి

వెబ్ సిరీస్‌కో నవలకో అండర్‌వరల్డ్ రాసేవాళ్ళు చాలామంది ముందు నాణెం డిజైన్ గీసేస్తారు, ఒకవైపు పుర్రె, రెండోవైపు పాము, ఇక అయిపోయిందనుకుంటారు. బొమ్మ ఆఖర్న గీసుకోండి. ముందు ఆ నాణేన్ని ఎవరు తీసుకుంటారు, ఎవరికి వద్దనే హక్కు ఉంది, వద్దంటే ఏమవుతుంది, ఇవి తేల్చండి. అవతలివాడు తీసుకుంటాడన్న నమ్మకం లేకపోతే అది డబ్బే కాదు, ఉత్త బిళ్ళ.

మా చెన్నైలో దీనికి సరుకు బోలెడు ఉంది కాబట్టి ఇక్కడే పెట్టి చూపిస్తా. పాత మద్రాసులో ఈస్టిండియా కంపెనీవాళ్ళ బంగారు వరహా నడిచేది, స్టార్ పగోడా అంటారు, వరహాకి 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. 1818లో రూపాయి దాని స్థానంలోకి వచ్చింది, వరహాకి మూడున్నర రూపాయలు లెక్క కట్టారు. వెండి పావు వరహా కూడా ఉండేది, దానిమీద గోపురం బొమ్మ, తమిళంతో పాటు మన తెలుగు అక్షరాలు! ఇక్కడినుంచి కల్పన మొదలెట్టండి: కొందరు ఆ బంగారు వరహాల్ని కరిగించకుండా దాచారు, వాళ్ళ వారసులు ఇవాళ్టికీ వాటితోనే పని నడుపుతున్నారు, కొత్తవి కొట్టే దారి లేదు, ఉన్నవే చేతులు మారాలి.

రూపాయలే వాడుకోవచ్చుగా అని చదివేవాడు కచ్చితంగా అడుగుతాడు. 2016 నవంబర్ 8 రాత్రి పెట్టండి, 500, 1000 నోట్లు రద్దని టీవీలో వస్తుంటే గోనెసంచుల నిండా నోట్లున్న గ్యాంగు గుడ్లప్పగించి చూస్తోంది, పక్కవీధిలో వరహాలున్న ముసలాయన తలుపేసుకుని ప్రశాంతంగా పడుకున్నాడు. వివరించే డైలాగే అక్కర్లేదు.

ధరల దగ్గర చాలామంది తడబడతారు, హత్యకి ఇంత, గన్నుకి ఇంత అని మెనూ కార్డు రాస్తారు, అక్కడే మజా పోతుంది. నా పద్ధతి ఏంటంటే ఒక రాత్రి దాక్కోడానికి చోటైనా, నోరు మూసుకుని కుట్లేసే డాక్టరైనా, శవాన్ని మాయం చెయ్యడమైనా అన్నిటికీ ఒకటే వరహా, ఎందుకంటే అక్కడ కొనేది పని కాదు, అవతలివాడి మౌనం. టీ కొట్టు కుర్రాడు చెప్పే కబురు లాంటివాటికి ఫణాలు. వరహాతో కొనలేనివి కూడా ఒకటో రెండో ఉండాలి, నేనైతే చిట్టా పుస్తకాన్ని, పసిపిల్లల ప్రాణాన్ని ఆ లిస్టులో పెడతా.

చిట్టా అన్నాం కాబట్టి దాన్ని రాసే మనిషి కావాలి. జార్జ్‌టౌన్‌లో తెలుగు వ్యాపారులు తరతరాలుగా ఉన్నారు, కొత్వాల్ చావిడి కూరగాయల మార్కెట్ 1996లో కోయంబేడుకి వెళ్ళిపోయింది, ఆ సందుల్లో ఒక ఖాళీ గోడౌన్, అందులో మన తెలుగు గుమస్తా. కుర్రాడు వరహా తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టాడు. గుమస్తా దాన్ని గీటురాయి మీద గీసి, గీతని దీపం దగ్గరికి జరిపి చూశాడు.

"ఎవరిచ్చారు నాయనా?"

"మా మావయ్యండీ."

"మీ మావయ్య పోయి రెండేళ్ళయింది, దినానికి నేనూ వచ్చా. ఇది ఒక పనికి ఆయన ముందే పుచ్చుకుని బాకీ పడ్డ వరహా, ఆ పని చేసిపెట్టాకే ఖర్చవుతుంది."

బంగారం అసలైనదే, అయినా చెల్లలేదు, కథ అక్కడ పట్టాలెక్కింది.

డబ్బు తగ్గడం, పెరగడం కూడా ప్లాన్ చెయ్యండి. రెండో ప్రపంచయుద్ధంలో యుద్ధఖైదీగా ఉన్న రాడ్‌ఫోర్డ్ అనే ఎకనామిస్ట్ తన క్యాంపు గురించి 1945లో వ్యాసం రాశాడు, అక్కడ సిగరెట్లే కరెన్సీ, రెడ్‌క్రాస్ నుంచి సిగరెట్లు దండిగా వస్తే ధరలు పెరిగేవి, రావడం ఆగితే ఉన్నవి తాగేసేవాళ్ళు కాబట్టి ధరలు పడిపోయేవి. మన వరహాల్ని ఎవడో దొంగచాటుగా కరిగించి గాజులు చేయిస్తున్నాడనుకోండి, మార్కెట్లో వరహా దొరకదు, డాక్టర్లు తలుపు తియ్యరు, పాత బాకీలు తీరవు, ఊళ్ళో గొడవ మొదలవుతుంది. విలన్‌కి తుపాకీ కూడా అక్కర్లేదు, ఒక కుంపటి చాలు.

బెంగళూరులో పని పడితే వరహా మోసుకెళ్ళకండి. హవాలాలో, అంటే బ్యాంకుతో పని లేకుండా నమ్మకం మీద ఒక ఊళ్ళో కట్టిన డబ్బు ఇంకో ఊళ్ళో ఇప్పించే పద్ధతిలో, పది రూపాయల నోటు నంబర్‌నే గుర్తుగా వాడతారు, అక్కడ ఆ నోటు చూపిస్తే ఇక్కడి మాట చెల్లుతుంది, లెక్క వాళ్ళూ వాళ్ళూ తర్వాత చూసుకుంటారు. కథలో ఆ నోటు తెలియక ఎవడో బజ్జీల బండి దగ్గర ఖర్చుపెట్టేస్తే ఒక ఎపిసోడ్ మొత్తం నడిపించొచ్చు.

స్క్రిప్ట్ మొదలెట్టే ముందు ఒక వరహాని కాగితం మీద పది చేతులు మార్పించి చూడండి, ప్రతిచోటా ఇచ్చినవాడికి ఏం దక్కింది, తీసుకున్నవాడు దేనికి భయపడ్డాడు అని రాసుకోండి, ఈ రెండిట్లో ఏది ఖాళీగా మిగిలినా ఆ సీన్ తీసేయండి.