రాజ్యాంగ సభ చర్చలు చదవడం – 3వ పాఠం: ఒక్క మాట జాడ

పోయిన పాఠంలో సంపుటాల వరస చూశాం. ఈసారి ఒకే ఒక్క అధికరణను పుట్టినచోటి నుంచి పట్టుకొద్దాం. ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణ తీసుకోండి.

నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి: తేదీ, అప్పటి నంబరు, అప్పటి మాటలు, మార్చిందెవరు. రెండో గడి వదిలేస్తే పని చెడుతుంది. 1948 చర్చల్లో 21 అని వెతికితే వేరే అధికరణ తగులుతుంది. మన 21 అప్పటికి ముసాయిదా 15. అంతకుముందు, 1947 ఏప్రిల్ నాటి ప్రాథమిక హక్కుల మధ్యంతర నివేదికలో అది 9వ క్లాజు.

ఆ క్లాజులో ఉన్న మాట ‘డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా’ – అంటే చట్టం ఉంటే చాలదు, అది న్యాయంగా ఉందో లేదో కూడా కోర్టు చూడొచ్చని. 1948 ఫిబ్రవరి ముసాయిదాలో అది పోయి ‘చట్టం ఏర్పరచిన పద్ధతి’ వచ్చింది – అంటే చట్టంలో రాసిన పద్ధతి పాటిస్తే చాలని. ఎందుకు? ఉపన్యాసాల్లోకి దిగకముందే ముసాయిదా పేజీ అడుగున చిన్నక్షరాల నోటు చదవండి. కొత్త మాట మరింత నిర్దిష్టంగా ఉందనీ, 1946 జపాన్ రాజ్యాంగంలో 31వ అధికరణ చూడమనీ ముసాయిదా కమిటీయే రాసింది. ‘స్వేచ్ఛ’ ముందు ‘వ్యక్తిగత’ ఎందుకు చేర్చారో కూడా అక్కడే ఉంది: చేర్చకపోతే ముసాయిదా 13వ అధికరణలోని స్వేచ్ఛలన్నీ ఇందులోకి లాగే వీలుంటుందని. ఉపన్యాసాల మీదే ఆధారపడేవాళ్ళు ఈ నోటును దాటేస్తారు. అసలు కారణం దొరికేది మాత్రం ఇక్కడే. చెన్నైలో ఉన్నవాళ్ళు ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో ముసాయిదా, చర్చల సంపుటాలు రెండూ విడివిడిగా అడిగి చూడండి.

ఇక ఏడో సంపుటం. 1948 డిసెంబరు 6న సభ్యుడు కాజీ సయ్యద్ కరీముద్దీన్ పాత మాట ‘డ్యూ ప్రాసెస్’నే తిరిగి పెట్టమని సవరణ తెచ్చారు. నెల్లూరు జిల్లాలో పుట్టి, మద్రాసు అడ్వొకేట్ జనరల్‌గా పనిచేసిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కొత్త మాట వైపు మాట్లాడారు. ఆ రోజు తేలలేదు. పుస్తకం అక్కడ మూసేస్తే సగమే తెలిసినట్టు. డిసెంబరు 13 తెరవండి: ముసాయిదా కమిటీ అధ్యక్షుడు అంబేద్కర్ రెండు వాదాలూ వివరించి, నిర్ణయం సభకే వదిలారు. సవరణ వీగిపోయింది.

సభలో కొన్నిసార్లు సవరణ నంబరు చెప్పి ఊరుకుంటారు. దాని పూర్తి పాఠం కోసం సవరణల జాబితా చూడాలి. మొత్తం 7,635 సవరణలు అందితే, సభలో ప్రతిపాదించినవి 2,473 మాత్రమే. కాబట్టి జాబితాలో కనిపించిన ప్రతిదానికీ చర్చ దొరకదు.

ఈ వారం పని: తొమ్మిదో సంపుటంలో 1949 సెప్టెంబరు 15 తీయండి. 15-ఏ అధికరణను అంబేద్కర్ ఎందుకు తెచ్చానన్నారో చదివి, అరెస్టు, నిర్బంధాల విషయంలో రక్షణలిచ్చే నేటి 22వ అధికరణ వరకు నాలుగు గళ్ళూ నింపండి.